వీపునొప్పి ఏ షిఫ్టుది?

రాత్రిళ్లు వీపు పైభాగం ఎందుకు నొస్తుందో రాయండి, శుక్రవారానికల్లా కావాలి అన్నారు ఎడిటర్ గారు. పరుపు, దిండు, ఆఫీసు కుర్చీ అంటూ రాసి పడేయొచ్చు. నా మనసు మాత్రం ముంబై దగ్గరి మరమగ్గాల ఊరు భివండీ మీదికి పోయింది. అక్కడ ఎందరికో రాత్రి పనివేళ, పడక పగలు.

చదువుతుంటే, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 44వ సెక్షన్ కంటపడింది. నిలబడి పనిచేసేవాళ్లకు, మధ్యలో తెరిపి దొరికితే కూర్చునేందుకు తగిన ఏర్పాటు ఉండాలందది. చట్టానికి స్టూలు గుర్తుంది! చిక్కంతా ఆ తెరిపి దగ్గరే. ఒక మనిషి చూసుకునేది ఒక్క సాంచా (మరమగ్గం) కాదు, నాలుగో ఆరో ఎనిమిదో. ఒకదానిలో కండె అయిపోతుంది, ఇంకోదాంట్లో పోగు తెగుతుంది. తెగిన పోగు అతకాలంటే మెడ వంచి, రెండు చేతులూ ముందుకు చాచి, సాంచా మీదికి ఒరగాలి. చాచిన చేతుల బరువు మోసేది మెడ నుంచి వీపు దాకా ఉన్న కండరాలే. 12 గంటల షిఫ్టు, నేసిన మీటర్లను బట్టి కూలీ. ఇక స్టూలెక్కేదెప్పుడు? రోజుకు 9 గంటలు దాటొద్దన్నదీ ఆ చట్టమే. పది మంది కూడా లేని షెడ్లు చాలావరకు దాని పరిధిలోకే రాలేదు.

ఆ చట్టం చివర మూడో షెడ్యూలులో 29 జబ్బులున్నాయి, డాక్టరు గుర్తించగానే అధికారులకు తెలియజేయాల్సినవి. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ ఉంది, మోతవల్ల వచ్చే చెవుడు ఉంది. వీపునొప్పి లేదు.

పనిలో ఉన్నంతసేపూ తెలియని నొప్పి ఖోలీలో (గదిలో) చాప మీద వాలగానే తెలుస్తుంది. కదలిక ఆగితే అలసిన కండరం బిగుసుకుంటుంది. ఇది నిజంగా సాంచా నొప్పే. అటూ ఇటూ పొర్లితే, వేడి కాపడం పెడితే, రెండు రోజులు నాగా పెడితే తగ్గుతుంది.

అయితే ప్రతి నొప్పినీ ఆ ఖాతాలోనే వేసి, నూనె రాసి, సూది వేయించుకునే అలవాటు మీద నాకు నమ్మకం లేదు. ఇరుకు గదుల్లో క్షయ సులువుగా అంటుకుంటుంది, వెన్నుపూసలకూ పాకుతుంది. వీపు కింది పూసలు, నడుము పై పూసలంటే దానికి మరీ ఇష్టం. ఆ నొప్పి పడుకున్నా తగ్గదు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, చెమటలు. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారై కావాలి. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గుతోందంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇంకోటి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఎక్కువగా నలభై లోపు వయసులోనే మొదలవుతుంది, తెల్లవారుజామున లేపుతుంది, తిరిగితే తగ్గుతుంది. ఇది ఉన్నవాడికి ఖోలీ కంటే షిఫ్టే హాయి! అందుకే రాత్రి నొప్పి ఉందా అని అడిగితే చాలదు. నైట్ షిఫ్టు మనిషి లేదనే చెబుతాడు. పడుకుంటే ఎలా ఉంది, లేచి తిరిగితే ఎలా ఉంది అని అడగాలి.

భివండీ చరిత్ర ఒక్క గుక్కలో: ఉత్తరప్రదేశ్ నుంచి మోమిన్ నేతగాళ్లు, కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి మన పద్మశాలీలు, పద్మనగర్‌లో తెలుగు వాడ, 1982 బొంబాయి మిల్లు సమ్మె తర్వాత షెడ్లకు మళ్లిన పని.

పక్క పెట్టె: మిగిలినవి

నూనె కూరలు తిన్న రాత్రి కుడి భుజం వెనక నొప్పా? పిత్తాశయంలో రాళ్లు కావొచ్చు.

చెమటలు, ఆయాసంతో నొప్పి హఠాత్తుగా వస్తే గుండెది కావొచ్చు, వెంటనే ఆసుపత్రికి.

పెద్ద వయసు ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారి, చిన్న ఊపుకే వెన్నుపూస విరగొచ్చు.

క్షయ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పోషణ కోసం ఇచ్చే నెలకు 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1000 అయ్యాయి. మధ్యలో ఊరికి వెళ్లాల్సొస్తే చికిత్సను అక్కడికే బదిలీ చేయించుకోవచ్చు.