దూరం ఎక్కువ... సమయం తక్కువ!

దగ్గరి దారిలో వెళితే త్వరగా చేరతాం. బస్సుకైనా బైకుకైనా ఇదే లెక్క. విమానం విషయంలో మాత్రం ఒక్కోసారి ఈ లెక్క తిరగబడుతుంది.

ఎయిరిండియా ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో పడమటి వైపుగా, యూరప్, అట్లాంటిక్‌ మహాసముద్రం మీదుగా 13,900 కిలోమీటర్లు ప్రయాణించేది. 2016 అక్టోబరులో దారి మార్చి తూర్పుకు తిరిగింది. పసిఫిక్‌ మీదుగా 15,300 కిలోమీటర్లు ఎగిరింది. అంటే 1,400 కిలోమీటర్లు అదనం... హైదరాబాద్‌ నుంచి ఢిల్లీకి ఉన్న విమాన దూరంకన్నా ఎక్కువే. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది. పాత దారికన్నా దాదాపు రెండు గంటల ముందే!

కారణం గాలి. నేలకు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి ఓ గాలి నదిలా ప్రవహిస్తుంటుంది. దాని పేరు జెట్‌ స్ట్రీమ్‌. శీతాకాలంలో దాని వేగం ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. వరద గోదాట్లో పడవ ప్రవాహం వెంట సాగడానికీ ఎదురెక్కడానికీ ఎంత తేడానో, ఇక్కడా అంతే. అప్పట్లో తిరుగు ప్రయాణంలోనూ విమానం తూర్పుకే... అట్లాంటిక్‌ మీదుగా. వెళ్లొచ్చేసరికి భూప్రదక్షిణ పూర్తయినట్లే!

ఈ గాలిని 1920ల్లోనే బెలూన్లు ఎగరేసి కొలిచిన వ్యక్తి జపాన్‌ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి. పాపం, ఆ వివరాలను ఎస్పరాంటో భాషలో రాయడంతో బయటి దేశాలవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌ మీదికొచ్చిన అమెరికా బాంబర్లు ఆ గాలిలో చిక్కుకున్నాకగానీ దాని సత్తా తెలిసిరాలేదు.

ఇంట్లో గ్లోబు ఉంటే ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం బిగించి చూడండి. అది సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళుతుంది. ఆ దారిన దూరం సుమారు 12,400 కిలోమీటర్లే. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నలుగురు మహిళా పైలట్లు ధ్రువం మీదుగానే విమానాన్ని తీసుకొచ్చారు. వాళ్లలో పాపగారి తన్మయి ఒకరు. కానీ, అక్కడ విపరీతమైన చలి. అత్యవసరంగా దిగాలంటే విమానాశ్రయాలూ తక్కువ.

గాలి కలిసొచ్చినా దేశాలు కలిసిరావాలిగా! 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్‌ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవి చుట్టూ తిరగాల్సి వచ్చింది. అమెరికా వెళ్లే కొన్ని విమానాలైతే ఇంధనం కోసం మధ్యలో వియన్నాలో దిగాయి. కూతురి కాన్పుకో, మనవడి పుట్టినరోజుకో బయల్దేరే అమ్మానాన్నలకు ఆ అదనపు గంటలు చిన్నవేమీ కాదు. మోకాళ్ల నొప్పులు, వేళకు వేసుకోవాల్సిన షుగరు మాత్రలు...

అన్నట్టు, టికెట్‌ మీద ఉండేవి ఏ ఊరికాఊరి సమయాలు. శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా శీతాకాలంలో పదమూడున్నర, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. మాత్రల లెక్క గడియారం చూసి కాకుండా, మొత్తం ప్రయాణ గంటల్ని బట్టి డాక్టర్‌ను అడిగి రాయించుకోవాలి.