సైకిల్ స్కీమ్: ఉద్యోగులకు సైకిళ్లు ఇద్దామనుకుంటున్నారా? ప్రొవైడర్‌తో సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూడండి!

ఉద్యోగులు సైకిల్ మీద డ్యూటీకి వస్తే ఆరోగ్యం బాగుంటుంది, పెట్రోల్ డబ్బులు మిగులుతాయి, గేటు దగ్గర పార్కింగ్ గోల తగ్గుతుంది. పైగా పన్ను కూడా ఆదా! ఇలాంటి బ్రోషర్ ఒకటి మీ కంపెనీ హెచ్‌ఆర్ టేబుల్ మీదకు వచ్చిందనుకోండి. మొదటి మూడు మాటలు నిజమే. నాలుగో మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎందుకంటే నెలనెలా కోత పడేది కంపెనీ ఖాతాలో కాదు, కార్మికుడి జీతంలో.

కొండాపూర్ అనగానే చాలామందికి హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ గుర్తొస్తుంది. మనం మాట్లాడుకుంటున్నది అది కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మండలం, శాతవాహనుల కాలం నాటి వస్తువుల మ్యూజియం ఉన్న ఊరు. ఇక్కడి నుంచి సంగారెడ్డి, ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు దాకా ఉన్న ఫ్యాక్టరీల బెల్ట్‌లో ఈ స్కీమ్ పెడితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? అది తేలాలంటే ముందు అసలు ఈ స్కీమ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

పన్ను ఆదా.. ఎవరికి?

'సైకిల్ టు వర్క్' అనే పథకం బ్రిటన్‌లో 1999 ఆర్థిక చట్టంతో మొదలైంది. అక్కడ కంపెనీ సైకిల్ కొని ఉద్యోగికి అద్దెకు ఇస్తుంది. ఆ అద్దెను పన్ను లెక్కకట్టకముందే జీతంలోంచి తీసుకుంటారు. దాంతో ఉద్యోగికి ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ రెండూ తగ్గుతాయి. ఈ కాగితాల పని అంతా చూసుకోవడానికి మధ్యలో పుట్టినవాళ్లే ప్రొవైడర్లు. సైకిల్ అమ్మే దుకాణం దగ్గర కమిషన్ తీసుకోవడం వాళ్ల ప్రధాన ఆదాయం. జర్మనీలో 2012 నుంచి కంపెనీ కారుకు ఉన్నలాంటి పన్ను వెసులుబాటు సైకిల్‌కి కూడా ఇచ్చారు. ఫ్రైబుర్గ్‌లో 2008లో మొదలైన జాబ్‌రాడ్ లాంటి లీజింగ్ కంపెనీలు ఆ తర్వాతే బాగా పెరిగాయి. అంటే రెండు చోట్లా ప్రొవైడర్ వ్యాపారం నిలబడింది ప్రభుత్వం ఇచ్చిన పన్ను రాయితీ మీదే.

మన దగ్గర సైకిల్ కోసం అలాంటి ప్రత్యేక రాయితీ లేదు. అసలు విషయం ఇంకొకటి ఉంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సిన పన్ను సున్నా. నెలకు 18 వేలో, 22 వేలో తీసుకునే ఆపరేటర్ అన్నకు మిగలడానికి పన్నే లేదు కదా! అలాంటప్పుడు బ్రోషర్‌లో రాసిన 'ఆదా' ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడే జాగ్రత్త పడాలి. జీతాన్ని తగ్గించి ఆ మేరకు సైకిల్ ఇస్తామని ఎవరైనా చెబితే, తగ్గేది మూల వేతనమా అని వెంటనే అడగండి. మూల వేతనం తగ్గితే పీఎఫ్‌లో పడే 12 శాతం కూడా తగ్గుతుంది. కంపెనీ వాటాగా పడేది కూడా అంతే. రిటైర్ అయ్యాక అందాల్సిన డబ్బు అది. దాన్ని కోసి చూపించి 'ఆదా' అంటే ఆ మాటకు అర్థమే మారిపోతుంది.

పన్ను నిబంధనల సంగతి కూడా చెప్పుకోవాలి. 1962 ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం కంపెనీ తన సొంత వస్తువును ఉద్యోగికి వాడుకోవడానికి ఇస్తే, దాని ఖరీదులో ఏడాదికి 10 శాతాన్ని ఉద్యోగి ఆదాయంగా లెక్కేస్తారు. ల్యాప్‌టాప్, కంప్యూటర్‌కి మినహాయింపు ఉంది. సైకిల్‌కి లేదు. 12 వేల సైకిల్ మీద అది ఏడాదికి 1,200 రూపాయలు. రెండేళ్ల తర్వాత అదే సైకిల్‌ను 1,500కే ఉద్యోగికి ఇచ్చేశారనుకోండి. ఏడాదికి 10 శాతం తరుగు తీసేస్తే పన్ను లెక్కలో దాని విలువ ఇంకా 9,600. తేడా 8,100 మళ్లీ ఆదాయం కిందికే వస్తుంది. పన్ను పరిధిలో లేని కార్మికుడికి దీనితో ఇబ్బంది లేదు. మేనేజర్ స్థాయి వాళ్లకు మాత్రం జీతం స్లిప్‌లో కనిపిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, పరిమితులు మీ ఆడిటర్‌తో తాజాగా సరిచూసుకోండి.

మనకూ ఒక పాత పద్ధతి ఉండేది

మన దగ్గర సైకిల్ స్కీమ్ కొత్తేం కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎన్నో ఏళ్లు 'సైకిల్ అడ్వాన్స్' ఉండేది. డబ్బు ముందు ఇచ్చేవాళ్లు, వాయిదాల్లో జీతంలో పట్టుకునేవాళ్లు. ఏడో వేతన సంఘం సిఫార్సుల తర్వాత 2016 అక్టోబర్‌లో దాన్ని ఎత్తేశారు. కానీ పోస్ట్‌మన్‌లకు, రైల్వే ట్రాక్‌మెన్‌కు ఇచ్చే సైకిల్ అలవెన్స్ ఉండిపోయింది. 2017 జూన్‌లో కేంద్ర కేబినెట్ దాన్ని నెలకు 90 నుంచి 180 రూపాయలు చేసింది. చిన్న మొత్తమే, కానీ మధ్యలో ప్రొవైడర్ లేడు, యాప్ లేదు, లాగిన్ పాస్‌వర్డ్ లేదు.

ఈ పాత పద్ధతిని పక్కన పెట్టుకుని ఒక లెక్క చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే.

సైకిల్ ధర 12 వేలు. ప్రొవైడర్ లీజు నెలకు 650 చొప్పున 24 నెలలు అంటే 15,600. చివర్లో సైకిల్ సొంతం చేసుకోవడానికి 1,500. మొత్తం 17,100. అదే కంపెనీ తానే 12 వేలు వడ్డీ లేని అడ్వాన్స్ ఇచ్చి నెలకు వెయ్యి చొప్పున పట్టుకుంటే ఏడాదిలో బాకీ తీరిపోతుంది. సైకిల్ మొదటి రోజు నుంచే ఉద్యోగిది. తేడా 5,100. 1962 నిబంధనల్లోనే మొత్తం 20 వేలు దాటని చిన్న అప్పుల మీద వడ్డీ రాయితీకి పన్ను లెక్క ఉండదు.

మరి ఆ 5,100కి ప్రొవైడర్ ఏం ఇస్తున్నాడు? సర్వీసింగ్, ఇన్సూరెన్స్, దొంగతనం జరిగితే ఇంకో సైకిల్ నిజంగా ఇస్తే ఆ డబ్బు దండగ కాదు. 'కాగితాల పని మేం చూసుకుంటాం' అంటే మాత్రం, ఆ పని కంపెనీది. దానికి కార్మికుడి చేత డబ్బు కట్టించడం ఎందుకు?

ఇంకో చిన్న విషయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ప్రొవైడర్ చూపించే ధరల పట్టిక ఆ తేదీకి ముందుదా, తర్వాతదా అడగండి. లోకల్ షాపులో అదే మోడల్ ధర ఎంతో ఫోన్ చేసి కనుక్కోండి, రెండు నిమిషాల పని.

ఉద్యోగం మానేస్తే ఏంటి?

ఈ బెల్ట్‌లో కార్మికులు ఒకే కంపెనీలో ఏళ్లతరబడి ఉండటం తక్కువ. పండక్కి ఊరికి వెళ్లి తిరిగి రాని వాళ్లుంటారు, పక్క ఫ్యాక్టరీలో వెయ్యి ఎక్కువిస్తే వెళ్లేవాళ్లుంటారు. 24 నెలల లీజులో ఏడో నెలకే మానేస్తే మిగతా 17 నెలల డబ్బు ఎవరు కట్టాలి? ఒప్పందంలో ఈ క్లాజ్ మాత్రం అక్షరం అక్షరం చదవాలి. సైకిల్ వెనక్కి ఇస్తే లెక్క అక్కడితో తెగిపోవాలి. అలా కాకుండా మిగిలిన మొత్తం ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పట్టుకుంటామని రాసి ఉంటే ఆ ఒప్పందం వద్దు.

జీతంలో కోతలకు చట్టం హద్దు పెట్టింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. కంపెనీ తానిచ్చిన అడ్వాన్స్‌ను తిరిగి పట్టుకోవడానికి చట్టంలో స్పష్టంగా చోటుంది. బయటి సంస్థ అద్దెను జీతంలోంచి కోయడం అంత తేలిక వ్యవహారం కాదు. కార్మిక చట్టాలు చూసే సలహాదారుతో మాట్లాడాకే ముందుకెళ్లాలి.

ప్రొవైడరే మూతపడితే? ఇది ఊహ కాదు. చైనాకు చెందిన ఓఫో పసుపు సైకిళ్లతో మన దేశానికి వచ్చి 2018లోనే సర్దుకుని వెళ్లిపోయింది. అదే ఏడాది చివర్లో చైనాలో కోటి మందికి పైగా వాడకందారులు డిపాజిట్ డబ్బు కోసం క్యూలో నిలబడ్డారు. అందుకే డిపాజిట్ అడిగితే అది ఎవరి ఖాతాలో ఉంటుందో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో రాతలో ఉండాలి. యాప్‌తో తెరుచుకునే తాళం ఉన్న సైకిల్ అయితే మరీ జాగ్రత్త. సర్వర్ ఆగితే సైకిల్ ఇనుప ముక్కే.

పంక్చర్ ఎక్కడ వేయిస్తారు?

డిస్క్ బ్రేకులు, 21 గేర్లు, సన్నటి టైర్లు.. క్యాటలాగ్‌లో ఫొటో అదిరిపోతుంది. కానీ కొండాపూర్ మండలంలో ఊరి రోడ్డు మీద అది పాడైతే బాగుచేసేదెవరు? మామూలు స్టాండర్డ్ సైకిల్ చైన్, ఫ్రీవీల్, ట్యూబ్ ఏ చిన్న సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. అక్కడి అన్న పది నిమిషాల్లో బిగించి పంపిస్తాడు. ఖరీదైన మోడల్‌కి హైదరాబాద్ నుంచి పార్ట్ రావాలంటే ఆ వారం రోజులు కార్మికుడు ఆటోకి డబ్బులు పెట్టుకోవాలి, లీజు వాయిదా మాత్రం ఆగదు.

కాబట్టి ప్రొవైడర్‌ని అడగాల్సింది 'మీ దగ్గర ఎన్ని మోడల్స్ ఉన్నాయి' అని కాదు. 'సంగారెడ్డిలో, పటాన్‌చెరులో మీ మెకానిక్ ఎవరు, ఎన్ని గంటల్లో వస్తాడు' అని. జవాబులో కాల్ సెంటర్ నంబర్ ఒక్కటే వస్తే అర్థం చేసుకోవచ్చు. సైకిల్‌కి మడ్‌గార్డ్, టిఫిన్ పెట్టుకునే క్యారియర్, స్టాండ్, ముందు లైటు, వెనక రిఫ్లెక్టర్ ఉండాలి. ఇవన్నీ విడిగా కొనుక్కోమంటే ధర మళ్లీ మొదటి నుంచి లెక్కేయాలి. చీర కట్టుకుని, చుడీదార్ వేసుకుని వచ్చే మహిళలకు కిందికి వంగిన ఫ్రేమ్ ఉన్న మోడల్ తప్పనిసరి.

బ్యాటరీ సైకిల్ ఇస్తామంటే మోటార్ సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉందో లేదో చూడాలి. అది దాటితే మోటారు వాహనం కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి.

అసలు భయం 65వ నంబర్ హైవే

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. దాని ఒక కొస నార్సింగి నుంచి కొల్లూరు దాకా వస్తుంది. కొల్లూరు మన సంగారెడ్డి జిల్లాలోదే. ట్రాక్ బాగుంటుంది, కానీ అది అక్కడితో ఆగిపోతుంది. పాశమైలారం గేటు దగ్గరకు వెళ్లే కార్మికుడు తొక్కాల్సింది ముంబై హైవే పక్కన, లారీలు, ట్యాంకర్ల మధ్య. బీ షిఫ్ట్ దిగి రాత్రిపూట ఇంటికెళ్లేవాళ్లకు ఇంకా కష్టం.

అందుకే ఎవరికి ఈ స్కీమ్ పనికొస్తుందో మ్యాప్ మీద ముందే తేల్చాలి. ఇస్నాపూర్‌లో అద్దె గదిలో ఉండి పక్కనే ఉన్న ఫ్యాక్టరీకి వచ్చేవాళ్లకు సైకిల్ చక్కగా సరిపోతుంది. కొండాపూర్ నుంచి మండలంలోనే ఉన్న యూనిట్‌కి వెళ్లేవాళ్లకూ ఓకే. కొండాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా రోజూ సైకిల్ తొక్కమనడం మాత్రం కుదరదు. సైకిళ్లిచ్చాం కదా అని కంపెనీ బస్సు తీసేస్తే మొత్తం వ్యవహారమే తలకిందులవుతుంది. నైట్ షిఫ్ట్ మహిళలకు కంపెనీ ఏర్పాటు చేయాల్సిన రవాణాకు సైకిల్ ఏ రకంగానూ బదులు కాదు.

ప్రమాదం జరిగితే? ఇది చాలామందికి తెలియని విషయం. ఈఎస్‌ఐ చట్టంలో 2010 సవరణతో 51ఈ సెక్షన్ వచ్చినప్పటి నుంచి, ఇంటి నుంచి డ్యూటీకి వెళ్తూ, డ్యూటీ నుంచి ఇంటికొస్తూ జరిగిన ప్రమాదాన్ని కూడా ఉద్యోగంలో జరిగినట్టే చూస్తున్నారు. సమయం, చోటు, పరిస్థితి ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయని తేలాలి. ఈఎస్‌ఐ పరిధిలో లేనివాళ్లకు అప్పట్లో వర్తించిన ఉద్యోగుల పరిహార చట్టంలోనూ ఇదే అర్థం తీసుకోవాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి షిఫ్ట్ టైమింగ్, పంచింగ్ రికార్డు, ఉద్యోగి ఇంటి చిరునామా సరిగ్గా ఉంచడం హెచ్‌ఆర్ బాధ్యత.

ప్రొవైడర్ ఇచ్చే 'ఇన్సూరెన్స్' చాలాసార్లు సైకిల్‌కే, తొక్కే మనిషికి కాదు. ఆ తేడా అడగకపోతే తెలియదు. గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే ప్రభుత్వ పథకం కింద ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు మాత్రమే వస్తాయి. మనిషి పేరు మీద వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటేనే ఆ ప్యాకేజీకి మార్కులు వేయండి.

కాంట్రాక్ట్ వాళ్లకు ఉందా?

ఈ బెల్ట్‌లో సైకిల్ అవసరం ఎక్కువగా ఉన్నది కాంట్రాక్ట్ కార్మికులకే. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చి నాలుగైదుగురు కలిసి గది తీసుకుని ఉండేవాళ్లు. కానీ ప్రొవైడర్ ఒప్పందాలు మామూలుగా కంపెనీ సొంత పేరోల్ మీద ఉన్నవాళ్ల కోసమే తయారవుతాయి. అంటే సొంత బైక్ ఉన్న సూపర్‌వైజర్‌కి స్కీమ్ వర్తిస్తుంది, నడిచొచ్చే హెల్పర్‌కి వర్తించదు!

దీనికి ఒక దారి ఉంది. కాంట్రాక్టర్ పేరోల్ మీద కోతలు పెట్టకుండా కంపెనీయే కొన్ని సైకిళ్లు కొని గేటు దగ్గర పూల్‌గా పెట్టొచ్చు. సెక్యూరిటీ దగ్గర ఒక రిజిస్టర్, దగ్గర్లోని సైకిల్ షాపుతో నెలవారీ సర్వీసింగ్ ఒప్పందం సరిపోతాయి. 20 సైకిళ్లతో మొదలుపెట్టి ఒక వానాకాలం నడిపి చూస్తే ఎన్ని వాడుతున్నారో, ఎన్ని మూలన పడ్డాయో తెలిసిపోతుంది. ఆ తర్వాత కూడా ప్రొవైడర్ కావాలనిపిస్తే అప్పుడు పిలవొచ్చు.

పిలిచినప్పుడు ఒప్పందం కాపీ ఇంగ్లిష్‌లో ఒక్కటే కాకుండా తెలుగులో, హిందీలో కూడా ఇవ్వమని అడగండి. నెలకు ఎంత కోత, ఎన్ని నెలలు, మానేస్తే ఎంత, పోతే ఎంత.. ఈ నాలుగు అంకెలు మొదటి పేజీలోనే ఉండాలి. సంతకం పెట్టే కార్మికుడు అక్కడే చదువుకోవాలి.