పాత దుప్పటి - కొత్త సంచి

పిల్లలూ! మీ ఇంట్లో పాత దుప్పటి ఏదైనా ఉన్నదా? మధ్యలో పలచబడి, అంచుల దగ్గర మాత్రం ఇంకా గట్టిగా ఉన్న దుప్పటి? ఉంటే దాన్ని పారవెయ్యకండి. దానితో ఏం చెయ్యవచ్చునో ఈ మాసం చెప్పుకుందాం. అయితే ముందుగా ఆ దుప్పటి ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

కర్నూలు జిల్లాలో పడమటివైపున ఎమ్మిగనూరు అనే ఊరున్నది. దుప్పట్లకూ, తువ్వాళ్ళకూ ఆ ఊరు పేరు పొందింది. ఏ నేతగాడికి ఆ నేతగాడు విడిగా ఉంటే, నూలు కొనడమూ కష్టమే, నేసిన గుడ్డను మంచి ధరకు అమ్మడమూ కష్టమే. పదిమందీ కలిస్తే ఆ రెండు పనులూ తేలిక అవుతాయి. ఈ ఆలోచనతోనే 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేతవారి సహకార సంఘాన్ని నెలకొల్పారు. 1954లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ బిరుదునిచ్చి గౌరవించింది.

ఎమ్మిగనూరుకు పొరుగున ఉన్న ఆదోని పత్తి మార్కెట్టుకు ప్రసిద్ధి. ఆ చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో రైతులు వానాకాలంలో పత్తి విత్తుతారు. కాయలు పగిలి దూది బయటపడగానే ఏరి మార్కెట్టుకు తెస్తారు. మిల్లులో గింజలు వేరు చేసి, దూదిని నూలుగా వడుకుతారు. ఆ నూలు నేతగాడి ఇంటికి చేరుతుంది. నిలువుపోగులకు గంజి పట్టించి మగ్గానికి ఎక్కిస్తారు. అది పడుగు. దానికి అడ్డంగా నాడెతో నేసేది పేక. చేతులూ కాళ్ళూ ఆడుతుంటే మగ్గం నడుస్తుంది. దానికి కరెంటు అక్కర లేదు, బొగ్గు అక్కర లేదు.

“అయితే గుడ్డసంచికి మించినది లేదన్నమాట! రేపే బజారుకు వెళ్ళి నాలుగు కొత్త గుడ్డసంచులు కొనేస్తాం” అంటారేమో. కాస్త ఆగండి. ఇక్కడే ఒక చిక్కున్నది.

పత్తిమొక్క నీళ్ళు తాగుతుంది. ప్రపంచం మొత్తం మీద సగటున చూస్తే, ఒక కిలో నూలుగుడ్డ తయారు కావడానికి సుమారు 10,000 లీటర్ల నీరు పడుతుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. అందులో వాన నీరూ ఉన్నది, కాలువ నీరూ ఉన్నది. ఒక గుడ్డసంచి 100 గ్రాముల బరువు ఉన్నదనుకోండి. దాని వెనక 1,000 లీటర్ల నీరున్నదన్నమాట. 15 లీటర్లు పట్టే బిందెతో తోడితే, అది 66 బిందెలకు పైమాటే!

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో నీటి విలువ ఎవరికీ చెప్పనవసరం లేదు. అక్కడ వానలు తక్కువ. పొలాలకు తుంగభద్ర దిగువ కాలువ పెద్ద ఆధారం. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకున్న 33 గేట్లలో 19వది కొట్టుకుపోయింది. రైతులు రోజుల తరబడి దిగులుతో గడిపారు. పోతున్న నీళ్ళు తమ పంటకు దక్కవలసిన నీళ్ళు. కన్నయ్యనాయుడు అనే అనుభవజ్ఞుడైన ఇంజనీరు సలహాతో, ప్రవాహం సాగుతూండగానే ఉక్కు పలకలు దింపి ఆ దారిని మూశారు. అలా కాపాడుకున్న నీటిని ఒక్కసారి వాడి పారేసే వస్తువు కోసం ఖర్చు చేస్తామా?

ఇక ప్లాస్టిక్ కవరు సంగతి చూద్దాం. దుకాణాల్లో ఇచ్చే పల్చటి చేతిసంచిని కనిపెట్టినవాడు స్టెన్ గుస్టాఫ్ తులిన్ అనే స్వీడన్ దేశపు ఇంజనీరు. దానికి 1965లో అమెరికాలో పేటెంటు లభించింది. కాగితపు సంచుల కోసం చెట్లు నరికేస్తున్నారనీ, తేలికగా, గట్టిగా ఉండే సంచి అయితే జనం మళ్ళీ మళ్ళీ వాడుకుంటారనీ ఆయన తలచాడట. ఆయన తన జేబులో ఎప్పుడూ ఒక సంచిని మడిచి పెట్టుకొని తిరిగేవాడని ఆయన కుమారుడే చెప్పాడు. కాని లోకం ఏం చేసింది? ఒకసారి వాడి పారవేసింది! అలా పారవేసిన కవర్లు కాలువల్లో అడ్డుపడుతున్నవి. అన్నం వాసనకు ఆవులు వాటిని మింగుతున్నవి. ఆవు పొట్టలో ప్లాస్టిక్ అరగదు, పేరుకుపోతుంది.

మన దేశంలో 2022 డిసెంబరు 31వ తేదీనుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ చేతిసంచులను నిషేధించారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. సంచి దళసరిగా ఉంటే దుకాణదారు దాన్ని ఊరికే ఇవ్వడు, తీసుకున్నవాడు ఊరికే పారెయ్యడు. అందుకే ఆ నియమం.

మరి గుడ్డసంచి మంచిదా, ప్లాస్టిక్ సంచి మంచిదా? 2018లో డెన్మార్కు ప్రభుత్వ పర్యావరణ సంస్థవారు ఈ లెక్క వేశారు. వాతావరణాన్ని వేడెక్కించే వాయువులను మాత్రమే చూస్తే, కొత్త నూలుసంచిని కనీసం 52 సార్లు వాడితే గాని అది ప్లాస్టిక్ సంచికి సాటి రాదు. నీరు, గాలి మొదలైనవాటికి కలిగే హాని కూడా ఒక్కొక్కటే లెక్కించి, అన్నిటిలోనూ సాటి రావాలంటే 7,100 సార్లు వాడాలి! వారానికి రెండుసార్లు బజారుకు వెళ్తే, 52 సార్లకు ఆరు నెలలు పడుతుంది. 7,100 సార్లకు 68 సంవత్సరాలు పడుతుంది. మీ తాతగారి సంచి మీ దాకా రావాలి!

అయితే ఆ లెక్కలో వీధిలో పారేసిన చెత్త చేరలేదు. ఆవు పొట్ట చేరలేదు, పూడిన మురుగుకాలువ చేరలేదు. కనుక ప్లాస్టిక్ గెలిచిందనుకోకండి. ఈ లెక్క మనకు చెప్పే నీతి ఒక్కటే: ఏ సంచి అన్నదాని కంటే, దాన్ని ఎన్నిసార్లు వాడామన్నది ముఖ్యం.

ఇప్పుడు మన పాత దుప్పటి దగ్గరికి వద్దాం. దాని పత్తి ఎప్పుడో పండింది. దాని నీళ్ళు ఎప్పుడో ఖర్చయినవి. నేతగాడి కష్టం ఎప్పుడో అందులో చేరింది. దానితో సంచి కుట్టుకుంటే, పత్తిచేనుకు కొత్తగా ఒక్క బిందె నీరు కూడా అవసరం లేదు. పారేసే గుడ్డకు రెండో జన్మ ఇచ్చినట్లవుతుంది.

ఎలా కుట్టాలో చెబుతాను, వినండి. మనం పడుకునేది మధ్యలో గనక దుప్పటి అక్కడే అరుగుతుంది. కాబట్టి అంచువైపునుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు ఉన్న ముక్క కత్తిరించండి. దాన్ని మధ్యకు మడిచి రెండు పక్కలా కుట్టండి. మూతి దగ్గర అంచు మడిచి కుట్టండి. అదే దుప్పటినుంచి రెండు పట్టీలు తీసి, ఒక్కొక్కదాన్ని నాలుగు మడతలు పెట్టి పిడులు చెయ్యండి. పిడి అతికిన చోట చదరంగా కుట్టి, ఆ చదరంలో ఇంటూ గుర్తు వచ్చేలా మరి రెండు కుట్లు వెయ్యండి. అప్పుడు కిలోల కొద్దీ కూరగాయలు మోసినా ఊడిరాదు. సూదీ కత్తెరా పట్టేటప్పుడు అమ్మనో నాన్ననో పక్కన కూర్చోమనండి. పాత దిండుగలేబు దొరికితే ఇంకా సులువు. పిడులు కుడితే చాలు, సంచి తయారు!

సంచి కుట్టడం ఒక్క పూట పని. దాన్ని మరచిపోకుండా తీసుకుపోవడమే అసలు పని. పెట్టెలో ఉన్న సంచి సంచి కాదు. కనుక దాన్ని వీధితలుపు పక్కన మేకుకు తగిలించండి. బజారునుంచి రాగానే ఖాళీ చేసి మళ్ళీ అక్కడే తగిలించండి. పెద్దవాళ్ళు చెప్పులు వేసుకునేటప్పుడు సంచి అందించడం మీ వంతు. వాడిన ప్రతిసారీ గోడమీది క్యాలెండరులో ఒక గీత గీయండి. 52 గీతలు ఎన్నాళ్ళకు అవుతాయో చూడండి. ఎమ్మిగనూరులో ఏటా జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. అలాంటి తిరునాళ్ళకు వెళ్ళేటప్పుడు కూడా సంచి మరవకండి. బొరుగులూ, బత్తాసులూ అందులోనే తెచ్చుకోవచ్చు.

చివరగా ఒక చిన్న ప్రయోగం. పూలకుండీలో మట్టి నింపి, ఒక పక్క నూలుగుడ్డ ముక్కనూ, మరొక పక్క ప్లాస్టిక్ కవరు ముక్కనూ పాతిపెట్టండి. మట్టి ఆరిపోకుండా అప్పుడప్పుడు కూరలు కడిగిన నీళ్ళు చల్లండి. మూడు నెలల తరువాత తవ్వి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మట్టిలోని సూక్ష్మజీవులు నూలును తినగలవు, ప్లాస్టిక్‌ను తినలేవు. గుడ్డ కూడా చెక్కుచెదరకుండా వస్తే, అది అసలైన నూలు కాదేమో, పాలియెస్టరు కలిసిందేమో కనుక్కోండి.

దుప్పటి చిరిగితే సంచి, సంచి చిరిగితే తుడుపుగుడ్డ, తుడుపుగుడ్డ పీలికలైతే మట్టి. పొలంలో పుట్టిన దూది చివరకు మట్టిలోనే కలుస్తుంది. ఆ మధ్యకాలాన్ని ఎంత పొడిగించగలమన్నది మన చేతుల్లో ఉన్నది. ఈ ఆదివారం మీ ఇంట్లో పాత దుప్పటిని వెతకండి మరి!