లిఫ్టు ఎక్కని కొట్టుకు లిఫ్టు ఖర్చెందుకు?

కింద కిరాణా కొట్టు, మందుల షాపు, పైన కాపురాలు. పట్టణాలలో ఇలాంటి అపార్టుమెంట్లు ఇప్పుడు మామూలే. ఉన్న పొలంలో కొంత అమ్మి, నెలనెలా అద్దె వస్తుందన్న ఆశతో కింద కొట్టుగది కొనే రైతులూ ఉన్నారు. తీరా కొన్నాక సంఘం వారు మెయింటెనెన్స్ కట్టమంటారు. తగవు అక్కడే మొదలవుతుంది.

“మా కొట్టు రోడ్డు మీదికే ఉంది. లిఫ్టు ఎక్కం. ఆ ఖర్చు మాకెందుకు?” అన్నది కిందివారి ప్రశ్న. “వాచ్‌మన్ మీ షట్టర్లు కూడా కాస్తున్నాడు కదా!” అన్నది పైవారి జవాబు. ఇద్దరి మాటలోనూ న్యాయం లేకపోలేదు.

లెక్క మారితే...

4 కొట్లు, ఒక్కొక్కటి 300 చదరపు అడుగులు. 8 ఫ్లాట్లు, ఒక్కొక్కటి 1,100 చదరపు అడుగులు అనుకుందాం. మొత్తం 10,000 అడుగులు. నెల ఖర్చు రూ. 20,000. అందరికీ సమానంగా పంచితే తలా సుమారు రూ. 1,667. అడుగుల లెక్కన అయితే కొట్టుకు రూ. 600, ఫ్లాటుకు రూ. 2,200. లిఫ్టు ఖర్చు రూ. 4,000 విడదీసి పైవారికే వేస్తే కొట్టుకు రూ. 480, ఫ్లాటుకు రూ. 2,260. మొదటి పద్ధతికీ చివరి పద్ధతికీ ఒక్క కొట్టుకే ఏడాదికి రూ. 14,000 పైగా తేడా!

అయితే అడుగుల లెక్క అన్నివేళలా సరిపోదు. అదే కొట్టులో హోటలు పెడితే నీటి వాడకం, చెత్త ఇళ్లను మించిపోవచ్చు. అటువంటి చోట నీటికి విడిగా మీటరు పెట్టుకోవడమే మేలు.

చట్టం మాట

తెలుగు రాష్ట్రాలలో అపార్టుమెంట్లకు 1987 నాటి చట్టం ఉంది. అంతకు ముందే, 1970లో, మహారాష్ట్ర చేసిన చట్టం ఈ ఖర్చుల సంగతి తేల్చి చెప్పింది. ఉమ్మడి స్థలంలో ఎవరి అవిభక్త వాటా ఎంత శాతమో ఖర్చులోనూ అంతే. ఉమ్మడి వసతులు వాడుకోవడం లేదన్నా, గది వదిలేసినా బాధ్యత తప్పదు.

కనుక బయానా ఇచ్చే ముందే దస్తావేజులో అవిభక్త వాటా ఎంత, సంఘం బైలాలో ఖర్చు పంచే పద్ధతి ఏది, లిఫ్టు ఖర్చు ఎవరిది అన్నవి చదివించుకోవాలి. అద్దె లెక్క ఆ తరువాతే వేసుకోవాలి.