పచ్చళ్ళ ప్రోగ్రాముకి బూజు దులిపాం

మా ఆడపడుచు రాజమండ్రిలో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి. మొదట్లో తెలిసినవాళ్ళకే ఇచ్చేది. ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు దాకా పార్సిళ్ళు పంపుతోంది. నోటు పుస్తకంలో లెక్కలు రాసుకోలేక అవస్థ పడుతుంటే, రెండేళ్ళ క్రితం సెలవులకొచ్చిన మా వాడు పైథాన్‌లో ఓ చిన్న ప్రోగ్రాము రాసిచ్చాడు. అప్పటికి వాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. "మా మేనల్లుడు రాశాడు" అని తను వీధంతా చెప్పుకుంది. నేనూ పొంగిపోయాను, దాచుకోవడమెందుకు!

మొన్న వేసవిలో ఫోను చేసింది. "వదినా, అమ్మకం బాగానే ఉంది గానీ డబ్బు చేతికి అందడం లేదు. పైగా రెండు ఆర్డర్లు ఎటు పోయాయో తెలీదు. డబ్బు కట్టినవాళ్ళు ఫోన్లు చేసి అడుగుతున్నారు. ప్యాకింగు చేసే అమ్మాయే చీటీలు పారేసుంటుందని నాలుగు కేకలేశాను. అలిగి పని మానేసింది."

సమయానికి మా అక్క కూతురు మా ఇంట్లోనే ఉంది. కంపెనీలో దాని ఉద్యోగమే ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. సంగతంతా విని, "పిన్నీ, ఆ ప్రోగ్రాము తెప్పించు, ఓసారి చూద్దాం" అంది. మా వాడి మొహం చూడాలి అప్పుడు! "పనిచేస్తోందిగా అక్కా, మళ్ళీ చూడ్డానికేముంది?" అన్నాడు. పనిచేస్తున్నట్టు కనపడటం వేరట, సరిగ్గా పనిచేయడం వేరట.

అది ముందుగా ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. ఉన్నదున్నట్టు గిట్‌లో భద్రం చేయించింది. గిట్ అంటే ప్రోగ్రాముకి దినచర్య పుస్తకం లాంటిదనుకోండి. ఏ రోజు ఏం మార్చామో అందులో ఉంటుంది, చెడిపోతే నిన్నటిదాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత నా చేతికి 12 పాత బిల్లులిచ్చి, "పిన్నీ, వీటిని కాగితం మీద నువ్వు లెక్కకట్టు" అంది. నేను చదివింది ఇంటర్మీడియటే గానీ కూడికలు, గుణింతాలు ఎక్కడికి పోతాయి? మధ్యాహ్నం వంటయ్యాక కూర్చుని అన్నీ కట్టిచ్చాను. ఆ 12 లెక్కల్నీ ప్రోగ్రాముకి పరీక్షగా పెట్టింది. ఒక బటన్ నొక్కితే 12 బిల్లులూ వేసుకుని, నా జవాబులతో పోల్చి చూసుకుంటుందన్నమాట.

పది సరిపోయాయి. రెండు తేడా వచ్చాయి.

మొదటిది అర్ధరూపాయి తేడా. కిలో 650 రూపాయల గోంగూర పచ్చడి పావుకిలోకి 162 రూపాయల 50 పైసలు. నేను 163 వేశాను. ప్రోగ్రాము 162 వేసింది. నేనే తప్పానేమోనని మూడుసార్లు చూసుకున్నాను. తీరా చూస్తే పైథాన్ పద్ధతే అదట. సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న సరిసంఖ్యకి సవరిస్తుంది. 2.5ని 2 చేస్తుంది, 3.5ని 4 చేస్తుంది. మనం బళ్ళో నేర్చుకున్నది అలా కాదుగా! డబ్బుని దశాంశాల్లో కాకుండా పైసల్లో లెక్కపెట్టి, చివర్లో ఎలా సవరించాలో మనమే స్పష్టంగా రాసుకోవాలంది మా అక్క కూతురు. అలాగే మార్చారు.

రెండో తేడా పెద్దది. కొరియరువాళ్ళు జనవరిలో కిలోకి 80 రూపాయలున్న రేటుని 95 చేశారు. మా వాడు ఫోనులోనే మార్పించాడు. కానీ ఆ 80 అన్న అంకె ప్రోగ్రాములో నాలుగు చోట్ల ఉంది. మూడు చోట్ల మార్చారు. 5 కిలోలు దాటిన పార్సిళ్ళ లెక్క చేసేచోట మాత్రం 80 అలాగే ఉండిపోయింది. అంటే పెద్ద పార్సిలు వెళ్ళిన ప్రతిసారీ కిలోకి 15 రూపాయలు మా ఆడపడుచు చేతినుంచి పోతున్నాయి. కూర్చుని లెక్కేస్తే అలాంటివి 268 కిలోలు తేలాయి. 4,020 రూపాయలు! ఒకే సంగతిని నాలుగు చోట్ల రాసిపెట్టుకోవడం ప్రోగ్రాముల్లో తరచుగా కనపడే జబ్బట. ఇప్పుడు కొరియరు రేటు పైన ఒక్కచోటే ఉంటుంది, మిగతావన్నీ అక్కణ్ణించే తీసుకుంటాయి. రేటు పెరిగితే మా ఆడపడుచే మార్చుకోగలదు.

వంటింట్లో ఏదో వాసనొస్తే ఏం చేస్తాం? మూతలు తీసి చూస్తాం. ప్రతిసారీ ఏదో పాడయ్యే ఉంటుందని కాదు, ఒకోసారి ఇంగువ డబ్బా కూడా కావచ్చు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా ఇదే మాట వాడతారంటే నాకు భలే ఆశ్చర్యమేసింది. "కోడ్ స్మెల్" అంటారట, కోడు వాసన. కెంట్ బెక్ అనే అమెరికా ఆయన పెట్టిన పేరట. మార్టిన్ ఫౌలర్ 1999లో రాసిన రీఫాక్టరింగ్ అనే పుస్తకంతో అందరికీ తెలిసింది. రీఫాక్టరింగ్ అంటే బయటికి చేసే పని మారకుండా లోపలి అమరిక బాగుచేయడం.

వాసన పట్టే పనిముట్లు కూడా ఉన్నాయి. నల్లచీర ఉతికాక తెల్లగా నూగు అంటుకుంటుందే, దాన్ని ఇంగ్లీషులో లింట్ అంటారు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన సి భాషలో రాసిన ప్రోగ్రాముల్లో ఇలాంటి నలుసులు ఏరే పనిముట్టు తయారుచేసి ఆ పేరే పెట్టాడు. పైథాన్‌కి పైలింట్ అని ఉంది, ఉచితమే. మా ప్రోగ్రాము మీద అది నడిపితే తాటాకు చిట్టా అంత జాబితా ఇచ్చి, చివర్లో పదికి మూడు మార్కులేసింది! మా వాడు చిన్నబుచ్చుకున్నాడు. అన్నీ పట్టించుకోనక్కర్లేదంది మా అక్క కూతురు. వరస పొడుగైంది, ఖాళీ తగ్గింది లాంటివి తర్వాత చూసుకోవచ్చు. వాడని పేర్లు, మింగేసిన తప్పులు, ఇలాంటివి ముందు చూడాలి.

ఈ మింగేసిన తప్పులన్నచోటే అసలు సంగతి బయటపడింది.

ఆర్డరు ఎక్కించగానే ప్రోగ్రాము దాన్ని ఒక ఫైల్లో రాస్తుంది. సాయంత్రం ఆ ఫైల్లోంచి తీసిన జాబితా చూసుకునే ఆ అమ్మాయి ప్యాకింగు చేసేది. ఫైల్లో రాసేచోట మా వాడు, ఏదైనా తప్పొస్తే ఏమీ చేయకుండా ముందుకి వెళ్ళిపొమ్మని రాశాడు. అలా ఎందుకు రాశావురా అంటే, "మొదట్లో ఏదో ఎర్రర్ వస్తూ ఉండేదమ్మా, అత్త కంగారుపడుతుందని..." అని నసిగాడు.

మా అక్క కూతురు మాట్లాడకుండా ఆ ఫైలుని ఎక్సెల్‌లో తెరిచిపెట్టి, ప్రోగ్రాములో ఒక ఉత్తుత్తి ఆర్డరు ఎక్కించింది. బిల్లు వచ్చింది. తెర మీద "సేవ్ అయింది" అని వచ్చింది. ఎక్సెల్ మూసి మళ్ళీ తెరిచి చూస్తే ఆర్డరు లేదు! విండోస్‌లో ఎక్సెల్ ఒక ఫైలుని తెరిచి పట్టుకున్నంతసేపూ ఇంకో ప్రోగ్రాము అందులో రాయలేదట. రాయలేకపోయానని పైథాన్ చెబుతూనే ఉంది. మా వాడి కోడు దాని నోరు నొక్కేసింది.

నేను వెంటనే ఫోను చేశాను. "ఆర్డర్లు ఎక్కించేటప్పుడు ఎక్సెల్ తెరిచి ఉంచుతావా?" అంటే, "రోజూ ఉంటుంది వదినా, మొత్తం ఎంతయిందో చూసుకోవాలిగా" అంది. విషయం చెప్పాను. అవతలనుంచి కాసేపు మాట లేదు. "అయ్యో, ఆ పిల్లని ఎన్ని మాటలన్నానో" అంది చివరికి.

మర్నాడు తనే ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళింది. ఫోనులో చెప్తే సరిపోతుందిలే అనుకోలేదు, నాకదే నచ్చింది. మా వాడి చేత కూడా మాట్లాడించింది. వాడు "తప్పు నాదండీ" అన్నాడు, అంతకంటే ఏమంటాడు?

మిగతావి అంత పెద్ద విషయాలు కావు గానీ రెండు రోజులు తిన్నాయి. పేర్లు చూడండి: ఎక్స్, ఎక్స్1, ఎక్స్2, టెంప్, కొత్త టెంప్. చీటీ లేని డబ్బాలన్నమాట. ఎక్స్1లో గ్రాములు, ఎక్స్2లో కిలోలు ఉన్నాయని రాసినవాడికే గుర్తులేదు. ఇప్పుడు "బరువు గ్రాముల్లో" అని అర్థమొచ్చేలా పేరులోనే కొలత పెట్టారు. నవ్వకండి, అమెరికావాళ్ళు 1998లో అంగారకుడి మీదికి పంపిన వ్యోమనౌక 1999 సెప్టెంబరులో ఇలాంటి పొరపాటుతోనే పోయింది. ఒక ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో అంకెలిస్తే, వాటిని అందుకున్నది న్యూటన్ల లెక్క అనుకుంది.

బిల్లు, కొరియరు, ప్రింటు, ఫైలు అన్నీ కలిపి 300 వరసల ఒకే ముద్దగా ఉన్నదాన్ని ఏ పనికాపని విడదీశారు. ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన పాత వరసలు తీసేశారు, గిట్‌లో ఎలాగూ ఉంటాయి కదా. మధ్యలో మా వాడు విసుగొచ్చి, మొత్తం ప్రోగ్రాముని కృత్రిమ మేధ చేత ఒక్కసారిగా రాయించి తెచ్చాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది గానీ నా 12 బిల్లుల్లో నాలుగు తప్పాయి, ఏది ఎక్కడ మారిందో ఎవరికీ అంతుపట్టలేదు. మా అక్క కూతురు దాన్ని పక్కన పెట్టించి, "ఒక్కటి మార్చు, పరీక్ష నడుపు, భద్రం చేయి. తర్వాతే ఇంకోటి" అని మళ్ళీ మొదటికి తెచ్చింది.

ఇప్పుడు పైలింట్ ఎనిమిదిన్నర మార్కులిస్తోంది. పదికి పది కోసం మా వాడు ఉబలాటపడ్డాడు గానీ మా అక్క కూతురు వద్దంది. ఫైలు తెరిచి ఉంటే తెర మీద ఎర్రగా, తెలుగులో వస్తుంది: "ఆర్డరు రాయలేదు. ఎక్సెల్ మూసి మళ్ళీ నొక్కండి." బిల్లు కూడా అప్పటిదాకా రాదు.

ఆ అమ్మాయి వారం తర్వాత పనిలోకి వచ్చింది. వచ్చిన రోజే ఒక మాట అడిగిందట: బిల్లు నకలు ఒకటి తనకి కూడా ఇవ్వాలని, సాయంత్రం జాబితాతో సరిచూసుకుంటానని. మా ఆడపడుచు సరేనంది. రెండో కాపీ ప్రింటు తీసే వరసలు మా వాడు ఆ రాత్రే రాసి పంపాడు. పరీక్షకి పదమూడో బిల్లు నేను కట్టిచ్చాను.