పాలు పితికే వేళ బిడ్డ చేతిలో ఏముంది?



ఈ పత్రికలో మేము సాధారణంగా దాణా గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి వ్రాస్తుంటాము. ఈసారి దూడ సంగతి పక్కన పెట్టి బిడ్డ సంగతి వ్రాయదలచాము. పాడి పనికీ దీనికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది.

సాయంత్రం మద్నూర్ వైపు చాలా పాడి ఇళ్లలో కనిపించే దృశ్యం ఇది. తండ్రి పొలం నుండి ఇంకా రాలేదు. తల్లి బకెట్టు పట్టుకొని బర్రె దగ్గర కూర్చుంది. రెండేళ్ల బిడ్డ కొట్టంలోకి వస్తే బర్రె తన్నుతుందని భయం. కేంద్రం మూసేలోగా పాలు పోయాలి. అందుకని ఫోను బిడ్డ చేతికి ఇస్తారు. బిడ్డ ఏడవదు, కదలదు, పని సాగుతుంది. పాల బిల్లు ఖాతాలో పడిందో లేదో చూసుకునేది కూడా ఆ ఫోనులోనే. కనుక ఫోను ఇంట్లో ఉండరాదని చెప్పడం గాని, తల్లిని తప్పుపట్టడం గాని మా ఉద్దేశం కాదు. ఆ గంటలో బిడ్డ మెదడుకు అందనిది ఏమిటో చెప్పడమే మా ఉద్దేశం.

మెదడు పెరిగే కాలం

దూడకు పుట్టిన తొలి గంటల్లోనే జున్నుపాలు పట్టాలని, ఒక రోజు దాటితే అందులోని రక్షణ శక్తిని దూడ పేగు పీల్చుకోలేదని మీకు తెలుసు. బిడ్డ మెదడుకు అంత ఇరుకు గడువు లేదు. అయినా తొలి సంవత్సరాలకు ప్రత్యేక విలువ ఉంది. మొదటి ఏడాదిలో మెదడు పరిమాణం సుమారు రెట్టింపు అవుతుంది. అయిదేళ్లు వచ్చేసరికి పెద్దవారి మెదడులో దాదాపు 90 శాతానికి చేరుతుంది. నరాల కణాల మధ్య లెక్కలేనన్ని సంబంధాలు ఏర్పడేది ఈ కాలంలోనే. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి.

వాడుక అంటే ఏమిటి? బర్రె చేపుకు రావాలంటే దూడ మూతి గాని, పితికేవారి చేయి గాని పొదుగుకు తగలాలి. ఇటునుండి తాకిడి, అటునుండి జవాబు. బిడ్డకు మాట, తెలివి వచ్చేదీ ఇలాగే. బిడ్డ "ఊ" అంటే అమ్మ "ఊ" అంటుంది. బిడ్డ కాకిని చూపితే నానమ్మ "కాకి" అంటుంది. ఫోను గంటసేపు మాట్లాడుతుంది గాని, బిడ్డ చూపిన వేలిని చూడదు, బిడ్డ అన్న మాటకు జవాబు చెప్పదు.

పరిశోధనలు చూపినది

అమెరికాలోని సియాటిల్‌లో పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2003లో ఒక పరిశోధన ప్రకటించారు. ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న 9 నెలల పిల్లలకు చైనా వారి మాండరిన్ భాషను 12 సార్లు వినిపించారు. మనిషి ఎదుట కూర్చొని, బొమ్మలతో ఆడిస్తూ, పుస్తకం చదువుతూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనులను గుర్తుపట్టగలిగారు. అదే భాషను తెర మీద చూసిన పిల్లలకు, రికార్డులో విన్న పిల్లలకు ఆ శక్తి రాలేదు.

మద్నూర్ వారికి ఇందులో వింత ఏమీ లేదు. మహారాష్ట్ర, కర్ణాటక హద్దులు రెండూ దగ్గరే. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, దెగ్లూర్ బజారులో మరాఠీ, చుట్టాలతో కన్నడం విని, ఎవరూ పాఠం చెప్పకుండానే మాట్లాడగలుగుతారు. ఆ భాషలు వచ్చింది మనుషుల నోటి నుండే, ఒడిలో, అరుగు మీద, సంతలో. ఈ సంపద తెర వల్ల తరిగిపోరాదు.

కెనడాలో 2,441 మంది తల్లీబిడ్డలను కొన్నేళ్లపాటు గమనించి 2019లో మరొక పరిశోధన ప్రకటించారు. రెండు, మూడేళ్ల వయసులో తెర ఎక్కువగా చూసిన పిల్లలు ఆ తరువాత మాట, చేతిపని, సమస్యను విప్పుకునే నేర్పు చూసే పరీక్షలో వెనుకబడినట్లు తేలింది. దీనినిబట్టి ప్రతి లోపానికి ఫోనే కారణమని అనరాదు. ఇంటి ఇతర ఇబ్బందులకూ ఇందులో పాలు ఉండవచ్చు. అయితే ఫోను చూసిన గంటలో బిడ్డ ఎవరితోనూ మాట్లాడలేదన్నది మాత్రం మన కంటికి కనిపించే లెక్క.

తెర అంతా చెడ్డదా?

కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. అందులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊరంతా ఒకచోట కూర్చొని చూసి, చూసినదాన్ని గురించి మాట్లాడుకునేవారు. కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు వచ్చాయి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో పలకరిస్తే బిడ్డ నవ్వుతుంది, ఆ నవ్వుకు తండ్రి జవాబిస్తాడు. అది మాటామంతే గనుక మేలే.

బడి పిల్లల సంగతి వేరు. 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 80 శాతం పైగా స్మార్ట్‌ఫోను వాడగలరు. అంతకు ముందు వారంలో చదువుకు వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవారు 76 శాతం. రాత్రి ఫోను నిద్రను తింటుంది. పగలు నేర్చినది మనసులో కుదురుకునేది నిద్రలోనే.

సభ్యులు పాటించదగినవి

1. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనూ, ఆ తరువాత మన దేశపు పిల్లల వైద్యుల సంఘమూ చెప్పిన హద్దులు ఇవి. రెండేళ్లలోపు బిడ్డకు తెర వద్దు. అప్పుడప్పుడు అయినవారితో వీడియో కాల్ చేయించవచ్చునని మన వైద్యులు అన్నారు. రెండు నుండి అయిదేళ్ల వరకు రోజుకు గంట మించరాదు, అదీ పెద్దవారు పక్కన ఉండగా. అయిదు నుండి పదేళ్ల వరకు రెండు గంటలలోపు చాలు.

2. పాలు పితికే వేళ బిడ్డను తన్నుకు అందని దూరంలో, మీ కంటికి ఆనేచోట, వీలైతే తాత లేదా నానమ్మ దగ్గర కూర్చోబెట్టండి. పితుకుతూనే బిడ్డతో మాట్లాడండి. అలవాటైన గొంతుకు పశువు బెదరదు.

3. ఆటకు గిన్నె, గరిటె చాలు. సోయా, కంది గింజలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా బిడ్డ చేతికి ఇవ్వరాదు.

4. పితకడం ఒకరి పని, బిడ్డ మరొకరి పని అని ఇంట్లో ముందే పంచుకోండి. ఆ గంటలో బిడ్డను ఎత్తుకోవడం మగవారికి నామోషీ కాదు.

5. అన్నం తినిపించేటప్పుడు ఫోను వద్దు. నిద్రకు గంట ముందే పక్కన పెట్టండి. పెద్దవారు కూడా పాటిస్తేనే పిల్లలు వింటారు.

6. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేకపోయినా, "ఫోను తీసేస్తే అదే వస్తుంది" అని ఆగకండి. వినికిడి లోపం వంటి ఇతర కారణం ఉండవచ్చు. అంగన్‌వాడీ టీచరుకు చెప్పి, వైద్యునికి చూపించండి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఇందుకే ఉంది.

సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు ఈ వ్యాసాన్ని రాబోయే సమావేశంలో చదివి వినిపించగోరుతున్నాము. చదవడం రాని సభ్యుల ఇళ్లలోనూ పిల్లలున్నారు. సాయంత్రం పాల లెక్క చూసుకున్నాక ఫోనును గూట్లో పెట్టి, ఈ రోజు దూడ ఏం చేసిందో బిడ్డను అడగండి. వచ్చీరాని మాటల్లో ఏదో చెబుతుంది. చివరిదాకా వినండి.