ఇంట వెలసిన వేల్పులు

మహాభారత అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు వినిపించిన కథలలో ధర్మవ్యాధోపాఖ్యానం ఒకటి. కౌశికుడనే విప్రుడు వేదాధ్యయనం కోసం, అనుమతి తీసుకోకుండానే, వృద్ధులైన తల్లిదండ్రులను విడిచి వెళ్లాడు. తపశ్శక్తి సిద్ధించింది. తనపై రెట్ట వేసిన కొంగను చూపుతోనే నేలకూల్చాడు. ఆ అహంకారాన్ని గుర్తించిన ఒక గృహిణి, ధర్మం తెలియాలంటే మిథిలకు వెళ్లమన్నది. అక్కడ మాంసం విక్రయించే వ్యాధుడు కౌశికుణ్ణి తన ఇంటిలోనికి తీసుకువెళ్లి, భోజనం ముగించి సుఖాసీనులై ఉన్న తల్లిదండ్రులను చూపాడు. తాను పూజించే దైవాలు వీరేనన్నాడు. నీకై దుఃఖించి చూపు కోల్పోయిన నీ వారి వద్దకు మరలిపొమ్మని హితవు చెప్పాడు.

కౌశికుడు చెడుదారి పట్టి ఇల్లు విడవలేదు, చదువు కోసమే విడిచాడు. నేటి మన పిల్లలూ అంతే. సిద్దిపేటలో వీధికి నాలుగైదు ఇళ్లలో పెద్దలు మాత్రమే మిగిలారు. పిల్లలు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదులోనో, సముద్రాల ఆవలనో ఉన్నారు. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు కూడా వచ్చింది. అయినా అర్ధరాత్రి స్నానాలగదిలో జారిపడిన తల్లికి ఏ రైలూ అందదు. మా దగ్గరికి రమ్మంటే ఆమె రాదు. తులసికోట, ఏటేటా కొమురవెల్లి మల్లన్నకు తీర్చుకొనే మొక్కు, గడపలో కూర్చుంటే పలకరించే ఇరుగుపొరుగు, ఇవన్నీ ఆమె ప్రాణానికి ఊతం. ఇక మిగిలిన మార్గం, ఇంట్లోనే ఒక మనిషిని కుదర్చడం.

జీతమిస్తే సేవ అవుతుందా?

చాలామందిని వేధించే సందేహమిది. దేవాలయాన్నే చూడండి. అర్చకునికి, నైవేద్యం వండేవారికి, మాల కట్టేవారికి భృతి ఉంటుంది. అంతమాత్రాన స్వామి సేవ తక్కువ కాదు. కానీ ఏర్పాట్లన్నీ చేసి, యజమాని ఒక్కనాడూ దర్శనానికి రాకపోతే అది లోపమే. సహాయకురాలిని నియమించడం బాధ్యతను వదిలించుకోవడం కాదు. నియమించి మరచిపోవడమే దోషం.

ముందుగా ఎవరు కావాలో వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. స్నానం, భోజనం, మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు ఒత్తిగిలజేయడం వంటి పనులకు ఓర్పుగల సహాయకురాలు చాలును. ముక్కు గొట్టం ద్వారా ఆహారం, మూత్రపు గొట్టం మార్చడం, పుండ్లకు కట్లు వంటివి శిక్షణ పొందిన నర్సు పనులు. ఖర్చు తగ్గుతుందని సహాయకురాలి చేత నర్సు పని చేయించడం ప్రమాదకరం.

ఆసుపత్రులలో, నర్సింగ్ హోములలో పనిచేసినవారిని తెలిసినవారి ద్వారా విచారించవచ్చు. ఏజెన్సీని ఆశ్రయిస్తే మూడు ప్రశ్నలు తప్పక అడగాలి. మనమిచ్చే సొమ్ములో పనిచేసే మనిషికి ఎంత చేరుతుంది? ఆమె సెలవు పెడితే ఎవరు వస్తారు? మధ్యలో మానివేస్తే అడ్వాన్సు తిరిగి ఇస్తారా? ఆధార్ ప్రతి, పూర్వం పనిచేసిన ఇళ్లవారి మాట, పోలీసు విచారణ, ఈ మూడూ అవసరమే. అది అనుమానం కాదు, జాగ్రత్త.

ఖర్చు ఎవరిది?

ఆరోగ్యశ్రీ గానీ, 2024లో 70 ఏళ్లు నిండినవారందరికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ గానీ ఆసుపత్రి చికిత్సకే వర్తిస్తాయి. ఇంట్లో ఉండే మనిషి జీతానికి కాదు. 2019లో 2,016 రూపాయలకు పెరిగిన ఆసరా వృద్ధాప్య పింఛను మందులకు సరిపోతే గొప్ప. కనుక భారం కుటుంబానిదే.

ఇక్కడొక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. పెద్దల పింఛను, ఇంటి అద్దె, బ్యాంకు డిపాజిట్లు మొదట వారి సుఖానికే వినియోగించాలి. రేపటి వాటా తరుగుతుందని నేడు మనిషిని పెట్టకపోవడం ధర్మం కాదు. అవి చాలనప్పుడు తోబుట్టువులు ఒకచోట కూర్చుని, ఎవరి శక్తి మేరకు వారు ఎంత ఇవ్వగలరో కాగితంపై రాసుకోవాలి. డబ్బు ఇవ్వలేక దగ్గరుండి చూసుకొనే కూతురి శ్రమను, కోడలి శ్రమను కూడా ఆ లెక్కలో వేయాలి. రాయని లెక్కలే అన్నదమ్ముల మధ్య అగాధాలవుతాయి.

పిల్లలు పట్టించుకోనప్పుడు చట్టం అండగా ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించే వీలుంది. చూసుకోవాలన్న షరతుతో రాసి ఇచ్చిన ఆస్తిని, ఆ మాట తప్పితే రద్దు చేయించుకోవచ్చు. సలహా కోసం ఎల్డర్ లైన్ 14567 ఉంది. అయితే కోర్టు గడప ఎక్కిన తల్లికి భరణం దక్కవచ్చు, కొడుకు చేయి దక్కదు.

ఆమె గ్లాసు వేరు పెట్టకండి

మన ఇళ్లలో మడి, ఆచారం ఉంటాయి. పూజగది నియమాలు పూజగదిలో పాటించుకోవచ్చు. కానీ మన తల్లి మలమూత్రాలను ఏవగించుకోక శుభ్రం చేసే మనిషికి కులం అడిగి గ్లాసు వేరుగా, పళ్లెం వేరుగా పెట్టడం ఏ ఆచారం? ఒక వేటగాని ముందు చేతులు జోడించి వేదవిదుడు ధర్మం నేర్చుకున్నాడని చెప్పే భారతాన్ని పారాయణ చేసే ఇళ్లు మనవి. ఆమెకు వేళకు భోజనం, కంటినిండా నిద్ర, వారానికొక సెలవు, నెల మొదట జీతం ఇవ్వాలి. ‘బిడ్డా’ అని అవ్వ పిలిచే ఇంట్లో ఆమె పది కాలాలు నిలుస్తుంది.

ఇక డబ్బుతో కుదరనివి కొన్ని ఉన్నాయి. రోజూ ఒకే వేళకు ఫోనులో పలకరింపు, నెలకొకసారి వచ్చి స్వయంగా అన్నం కలిపి పెట్టడం, పండుగ రోజున పాదాలు తాకడం వంటివి. వాటిని ఎవరికీ అప్పగించలేం. వ్యాధుని మాట విన్న కౌశికుడు మరో తీర్థానికి బయలుదేరలేదు. నేరుగా ఇంటికి వెళ్లి తల్లిదండ్రులను సేవించాడు. ఈ ఆదివారం మనం చేయవలసిన యాత్ర కూడా అదే కావచ్చు.